మూడు మొకాల కిటికీ

జగిత్యాల ఎండ గురించి జగిత్యాల వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఈ మధ్య కట్టే పెద్ద ఇళ్లకు హాలు గోడను రోడ్డు వైపు రెండడుగులు బయటికి తెచ్చి, దానికి మూడు వైపులా అద్దాలు పెట్టిస్తున్నారు. వెలుతురు కోసమట. గృహప్రవేశమైనా కాకముందే ఆ వెలుతురు లోపలికి రాకుండా ఏం కట్టాలా అని ఊరంతా వెతుకుతారు. దాన్ని బే విండో అంటారు. గోపాల్ రావు గారింట్లో ఆ కిటికీని మొదటిసారి చూసినప్పుడు భాగ్య కాసేపు అటూ ఇటూ నడిచి, "మూడు మొకాల కిటికీ" అంది. ఇంటివాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఇంజనీరు పెట్టిన పేరు కన్నా ఇదే నయం అనిపించింది.

నేను చెప్పాలనుకున్నది భాగ్య గురించి. ఆమె గురించి చెబితే నా గురించి కూడా చెప్పుకోక తప్పదు. అందుకే ఇన్నాళ్లు వాయిదా వేశాను.

భాగ్య పుట్టింది కోరుట్లలో, బీడీలు చేసే ఇంట్లో. ఏడేళ్లకే ఆమె చేతికి కత్తెర వచ్చింది. తునికాకు మీద రేకు ముక్క పెట్టి, దాని చుట్టూ కత్తిరించాలి. ఆకు చినగకూడదు, ముక్క వృథా పోకూడదు. ఆ కత్తెరే ఆమెను ఇన్నేళ్లూ పోషించింది. పదిహేడేళ్లకు సిరిసిల్లలో అంజయ్యకిచ్చి పెళ్లి చేశారు. అంజయ్యకు నాలుగు సాంచలు ఉండేవి. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. యజమాని నూలు ఇస్తాడు, అంజయ్య నేసి బట్టను మళ్లీ యజమాని గోదాముకే పంపుతాడు. అలా నేసేవాళ్లు ఆ ఒక్క యజమాని కింద నలభై మంది. అందరి బట్టా ఒకే చోట కలుస్తుంది కాబట్టి ఎవరి బట్ట ఏదో తెలియడానికి ఒక్కొక్కరు అంచులో ఒక రంగు పోగు వేస్తారు. అంజయ్య గుర్తు ఎడమ అంచున రెండు నీలి పోగులు.

"బాగుంది, సంతకంలాగా" అన్నాను ఒకసారి.

"సంతకం గాదు మేడం. బట్టల తప్పొస్తే ఎవలదో దొరకవట్టనీకి" అంది భాగ్య. "మంచిగ నేస్తే గా పోగులు ఎవ్వలు జూడరు."

సిరిసిల్ల బడిలో నేను ఏడేళ్లు సైన్సు చెప్పాను. భాగ్య కూతురు సరిత నా క్లాసులోనే చదివింది. నా జాకెట్లన్నీ భాగ్యే కుట్టేది. ప్రతి కొత్త జాకెట్టుకూ లోపలి మడతలో, ఎవరికీ కనబడని మూల, చిటికెన వేలితో కాస్త తడి పసుపు అద్ది ఇచ్చేది. ఆమె అత్త ముత్తవ్వ నేర్పిన పద్ధతి అది. సాంచకు బీము, అంటే కొత్త నూలు చుట్ట, ఎక్కించాక దిగిన మొదటి బట్టకు ముత్తవ్వ పసుపు పెట్టందే గడప దాటనిచ్చేది కాదు. కొత్త బట్టకు పసుపు పెట్టి కట్టుకోవడం మనందరి ఇళ్లలో ఉన్నదే. మనం కట్టుకునేటప్పుడు పెడతాం, వాళ్లు బట్ట పుట్టినప్పుడే పెడతారు. అంతే తేడా.

జాకెట్ల తర్వాత భాగ్య దర్వాజలకు పరదాలు కుట్టడం మొదలుపెట్టింది. తర్వాత గొలుసు లాగితే మడతలు మడతలుగా పైకి పోయే పరదాలు. వాటిని ఎవరూ ఆమెకు నేర్పలేదు. వేములవాడలో ఒక లాడ్జిలో చూసి, అక్కడి మనిషిని బతిమాలి, ఒకదాన్ని దింపించి వెనక్కి తిప్పి చూసిందట. మూడోనాటికి అలాంటిదే తన ఇంటి కిటికీకి కట్టింది.

నాకు జగిత్యాలకు బదిలీ అయింది. ఇక్కడ మా కాలనీ చివర గోపాల్ రావు గారు ఇల్లు కడుతున్నారు. ఒకప్పుడు పెగడపల్లి దిక్కు దొరలు. ఇప్పుడు వ్యాపారం. ఆయన భార్య కౌసల్య సాయంత్రాలు నాతో నడకకు వచ్చేది. ఆ కిటికీకి పరదాలు ఎవరు కుడతారో తెలియక తల పట్టుకుంటే నేనే చెప్పాను, సిరిసిల్లలో ఒక మనిషి ఉందని. ఆ పుణ్యం నాదే.

భాగ్య మొదటిరోజు టేపు కూడా తీయలేదు.

"గీ కిటికి తూర్పు మొకమా అమ్మా?"

"తూర్పే."

"అయితే ఇయ్యాల గీడ కూసుంట. పొద్దు ఎటుకెంచి ఎటు పోతదో సూడాలె."

"కూసుంటవా? మరి పని?" అంది కౌసల్య.

"కూసుండుడే సగం పని అమ్మా."

పొద్దున ఎనిమిది నుంచి నాలుగు దాకా కూర్చుంది. మధ్యలో లేచి అద్దాల మీద సుద్దముక్కతో గీతలు పెట్టింది. కౌసల్య హైదరాబాదు నుంచి నాలుగు నమూనా పుస్తకాలు తెప్పించింది. అందులో ముదురు ఎరుపు మీద బంగారు పూల బట్ట ఆమె మనసులో పడింది. భాగ్య వద్దనలేదు. మర్నాడు పొద్దున ఆ ముక్కను ఎండకు అడ్డం పట్టి, "జర గీడ నిలవడుండ్రి అమ్మా. మీ చెయ్యి సూసుకోండ్రి" అంది. కౌసల్య చెయ్యి ఉడుకు నీళ్లు పడ్డట్టు ఎర్రగా కనబడింది.

"పొద్దుగాల లేసినోళ్లందరి మొకాలు గిట్లనే కనవడ్తయి. రెండేండ్లకు ఎండకు ఎలిసిపోతది. ఇగ పువ్వులంటరా, మడత వడ్డకాడ పువ్వు మెడ తెగుతది. పైకి లాగినప్పుడల్ల తెగిన పువ్వులే కనవడ్తయి."

అప్పుడు తన సంచిలోంచి అంజయ్య నేసిన నూలు బట్ట తీసింది. గంజి రంగు. ఒక పోగు సన్నం, ఒక పోగు దొడ్డు. చేతిలో చూస్తే ముతకగా ఉంది. అద్దానికి ఆనించగానే గదిలో ఎండ చల్లబడింది. బయట రోడ్డు కనబడటం లేదు, లోపల మాత్రం పుస్తకం చదువుకునేంత వెలుగుంది. కౌసల్య చాలాసేపు చూసి, "మంచిగనే ఉన్నది" అంది. ఆమె నోట అంతకన్నా పెద్ద మెప్పు నేను ఎన్నడూ వినలేదు.

కౌసల్య కొడుకు సాత్విక్ అప్పుడు అక్కడే ఉన్నాడు. కోరుట్ల రోడ్డు మీద అతను పదకొండు ఇళ్లు కట్టిస్తున్నాడు. అన్నిటికీ ఇలాంటి కిటికీలే. "అమ్మకు నచ్చితే మా ఇండ్లన్నిటికి గిదే బట్ట తీసుకుంటం ఆంటీ. మీ సాంచల మీదికెల్లే" అన్నాడు. మర్యాద గల పిల్లవాడు, ఊరికే అన్న మాట కాదు అది.

ఆ మాట విలువ ఏమిటో ఆ గదిలో భాగ్యకు ఒక్కదానికే తెలుసు. అప్పటికే యజమాని నూలు ఇవ్వడం తగ్గించాడు. నాలుగు సాంచల్లో రెండు ఆగిపోయాయి. వీధిలో చాలామంది సాంచలను విరగ్గొట్టి పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. అంజయ్య కూడా లారీవాడితో మాట్లాడుకున్నాడు. భాగ్య అడ్డం పడితే, "గా కిటికి అయ్యేదాక సూస్త. కుదిరితే సాంచలుంటయి. లేకుంటే తూకానికే" అన్నాడు. బస్సెక్కే ముందు భాగ్య నాతో ఈ మాట చెప్పి, "కొండగట్టు అంజన్నకు మొక్కిన మేడం" అంది.

పన్నెండు రోజులు కుట్టింది. మేస్త్రీ పనితనం ఎలాంటిదంటే ఒకే అద్దానికి పైన ఒక కొలత, కింద ఇంకో కొలత. మూలల వంపు చూసి అట్టముక్కలు కత్తిరించుకుంది, చిన్నప్పుడు తునికాకుకు రేకు పెట్టినట్టే. మూడు మొకాలకు మూడు వేరు వేరు పరదాలు. అయితే మడతలు మూడింటికీ ఒకే ఎత్తులో పడాలి, లేకపోతే ఎగుడుదిగుడు పళ్లలా ఉంటుంది. మూలల్లో అద్దాలు కలిసే చోట సందు ఉంటుంది, అందులోంచి ఎండ కత్తిలా వస్తుంది. అందుకని పక్క పరదాలకు రెండు వేళ్ల బట్ట ఎక్కువ వదిలింది. బరువు కోసం కింది మడతలో వెదురు బద్ద దూర్చి మూసింది. మూసే ముందు, అలవాటు ప్రకారం, మూడింటికీ మడత లోపల పసుపు అద్దింది.

గృహప్రవేశం మాఘంలో. పరదాలు ముందురోజే కట్టేశారు. చూసిన వాళ్లందరూ ఆ కిటికీ దగ్గరే ఆగారు. సాత్విక్ తన మేస్త్రీలను తీసుకొచ్చి చూపించాడట. తెల్లవారి వ్రతం, పాలు పొంగించడం అయిపోయాయి. అతిథులు కూర్చోవాలని పనిమనిషి కిటికీ కింది అరుగును సబ్బుపొడి నీళ్లతో కడిగింది. నీళ్లు పరదాల కింది అంచులకు తగిలాయి. ఎవరూ పట్టించుకోలేదు.

ముందు చూసింది గోపాల్ రావు గారి మేనత్త. ఎనభై దాటిన మనిషి, ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. గంజి రంగు బట్ట మీద, మూడు పరదాలకూ అదే మూల, మూడు ఎర్రటి మరకలు. ముసలమ్మ వంగి ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. మడత విప్పమంది. పనిమనిషి కత్తెరతో కుట్లు తెంపింది. లోపల ఇంకా ఎర్రగా, ముద్దగా ఉంది.

"ఎవలు కుట్టిన్రు గివి?"

భాగ్య వంటల దగ్గర నిలబడి ఉంది. గొలుసులు సరిచేయాల్సి వస్తుందేమోనని ఆ రోజు కూడా వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. పిలిస్తే చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మెచ్చుకుంటారనే అనుకుందని ఆమె ముఖమే చెప్పింది.

"లోపల ఏం వెట్టి కుట్టినవ్?" అంది ముసలమ్మ.

"పసుపమ్మా. కొత్త బట్ట గద."

"పసుపు ఎర్రగుంటదా?"

భాగ్య మరకను చూసింది. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు. లోపలి మడతలో అద్దిన పసుపు ఉతికేటప్పుడు ఏ రంగుకు తిరుగుతుందో ఎవరూ విప్పి చూడరు, ఆమె కూడా చూసి ఉండదు. "పసుపే వెట్టిన అమ్మా. మా అత్త మీద ఒట్టు" అంది. గొంతు వణికింది. వణికితే చాలు కదా, అక్కడున్న నలభై మందికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

ఎవరో వెనుకనుంచి "ఏదో చేసిన్రు" అన్నారు. చేశారు అంటే ఏమిటో మన దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. గృహప్రవేశం నాడు, తూర్పు కిటికీలో, దాచిపెట్టి, మూడు చోట్ల. అన్నీ కుదిరాయి.

నేను కిటికీకి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. చేతిలో శరబత్ గ్లాసు. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఇరవై రెండేళ్లుగా ఏడో తరగతి పిల్లలకు చెబుతున్నాను. పసుపు రాసిన కాగితం ముక్క మీద సబ్బు నీళ్ల చుక్క వేసి చూపిస్తాను, పిల్లలు చప్పట్లు కొడతారు. కాస్త నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది. ఆ ఇంట్లో ఆ రోజు నిమ్మకాయలకు కొదవ లేదు. ఒక్క వాక్యం, ఒక్క నిమ్మచెక్క.

నేను ఏమీ అనలేదు.

ఎందుకు అనలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. భాగ్యను తెచ్చింది నేనే కాబట్టి కొందరు నా వైపు చూశారు, అదొక భయం. పెద్దావిడకు ఎదురు చెప్పడమా అని ఒక సంకోచం. ఇవన్నీ సాకులే. దొర గారి హాల్లో, అంతమంది పెద్దవాళ్ల ముందు, నా సైన్సు నోరు పెగల్లేదు. క్లాసులో నలభై మంది పిల్లల మీద పులిని, అక్కడ పిల్లిని.

గోపాల్ రావు గారు మంచివారని అందరూ అంటారు. ఆయన "శుభమా అని కొత్తింట్లకు వస్తుంటే లొల్లెందుకు. పంపించుండ్రి" అన్నారు. పరదాలు దింపి ఇంటి వెనుక తగలబెట్టమని ముసలమ్మ చెప్పింది. భాగ్య అప్పుడు ఒక్క మాట అడిగింది. "కాలవెట్టకుండ్రి అమ్మా. మా ఆయన నేసిన బట్ట. నేను తీస్కపోత." కౌసల్య కుట్టుకూలి తెచ్చి, ఆమె చేతికి చెయ్యి తగలకుండా అరుగు మీద పెట్టింది. భాగ్య గేటు దాటేటప్పుడు నా వైపు చూసింది. నేను గ్లాసులోకి చూశాను. ఆ తర్వాత భోజనం కూడా చేసే వచ్చాను.

మర్నాడు కౌసల్యకు ఫోన్ చేసి పసుపు సంగతి, సబ్బు సంగతి చెప్పాను. "గా మాట నిన్ననే చెప్పకపోయినవా టీచర్" అంది. "కాలవెట్టినంక చెప్తే ఏం లాభం. అత్తమ్మ మనసుల వడ్డది, ఇగ పోదు." చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నా సంగతిలో కాలినవి నా చేతులు కూడా కాదు.

సాత్విక్ తన పదకొండు ఇళ్లకు వేరే చోట నుంచి ప్లాస్టిక్ తెరలు తెప్పించాడు. రెండు వారాల తర్వాత ధైర్యం చేసి సిరిసిల్లకు ఫోన్ చేస్తే సరిత ఎత్తింది. "అమ్మకు మాట్లాడబుద్ధయితలేదు మేడం" అంది. నాలుగు సాంచలూ ఆ వారమే లారీ ఎక్కాయని కూడా ఆ పిల్లే చెప్పింది.

శ్రావణమాసంలో కౌసల్య పేరంటానికి పిలిచింది. వెళ్లాను. కిటికీకి కొత్త పరదాలు ఉన్నాయి, మళ్లీ మడతలవే. అయితే మూలలు కలవలేదు. ఆ సందుల్లోంచి రెండు ఎండ చారలు తిన్నగా సోఫా మీద పడుతున్నాయి. మడతలు కూడా మూడు ఎత్తుల్లో ఉన్నాయి.

"హైదరాబాద్ల కుట్టిచ్చినం. ఫారిన్ బట్ట అట" అంది కౌసల్య నా కాళ్లకు పసుపు రాస్తూ. "సూడు, బట్టంటే గిట్లుండాలె. గప్పటిది ముతకగుండె."

గంజి రంగు. ఒక పోగు సన్నం, ఒక పోగు దొడ్డు. కాళ్ల పసుపు ఆరకముందే లేచి వెళ్లి పరదా అంచు తిప్పి చూశాను. కుట్టినవాడు అంచు కత్తిరించే ఓపిక లేక అలాగే లోపలికి మడిచి కుట్టేశాడు. ఎడమ వైపు రెండు నీలి పోగులు.

సిరిసిల్ల గోదాములో ఎప్పటి నుంచో పడి ఉన్న అంజయ్య బట్ట థాను హైదరాబాదుకు పోయి, పేరు మార్చుకుని, మళ్లీ ఈ కిటికీకే వచ్చింది. పెదవి దాకా మాట వచ్చింది. కౌసల్య వాయినం ఇచ్చింది. తీసుకుని వచ్చేశాను.

ఆ ఆదివారం సిరిసిల్ల వెళ్లాను. భాగ్య ఇప్పుడు ఊరి బయట బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తోంది. రోజంతా చొక్కాల కాలర్లే. చొక్కా మొత్తం ఎలా ఉంటుందో చూసే పని లేదు. ఇంటి వెనుక షెడ్డులో సాంచలు ఉన్న చోట నూనె మరకలు నాలుగు పక్కపక్కన ఉన్నాయి. వాటి మధ్య మంచం వేసుకుని ముత్తవ్వ పడుకుంది. చప్పుడు లేక నిద్ర పట్టడం లేదని గొణుగుతోంది.

భాగ్యకు చూసిందంతా చెప్పాను.

"ఎడమ దిక్కేనా?" అంది.

"ఎడమ దిక్కే. రెండు."

"అయితే మా ఆయనదే." కాసేపు నూనె మరకల వైపు చూసింది. "పసుపు వెట్టిన్రా మేడం?"

"లేదు."

తల ఊపింది. నేను ఆగలేకపోయాను. రేపే పోయి కౌసల్యకు చెబుతానని, అంచు విప్పి చూపిస్తానని, ఆనాడు కాలబెట్టిందీ ఇప్పుడు మురిసిపోతున్నదీ ఒకే సాంచ బట్టేనని ఆ ముసలమ్మ ముందే అంటానని చెప్పాను. చెబుతుంటే నాకే నా మీద కొంచెం గౌరవం కలిగింది.

భాగ్య లోపలికి వెళ్లి చాయ్ తెచ్చి నా చేతికిచ్చింది.

"చెప్పకుండ్రి మేడం. చెప్తే గవి గూడ ఇప్పి కాలవెడ్తరు. సాంచలు పోయినంక ఆయన నేసింది ఇగ గంతే మిగిలింది, గాడనన్న ఉండనియ్యుండ్రి." నా ఎదురుగా కింద కూర్చుంది. "మా సరిత గా దినమే చెప్పింది. ఏడో తరగతిల మీరే సూపెట్టిన్రట గద, పసుపు కాయితం, సబ్బు నీళ్లు. గప్పుడు చెప్పకుంట ఉన్నరు. ఇప్పుడు గూడ ఉండుండ్రి. మీకు కష్టం గాదు."

కోపంతో అన్న మాట కాదు. బతిమాలుతూ అంది. నేను చాయ్ తాగి, సరేనని, బస్టాండుకు నడిచాను.